నోరు లేని జత

గుర్రాలబండ,
17 జనవరి 1960

తమ్ముడు యెహోషువకు,

అక్క హేబ్సిబా దీవెనలు. నీ క్రిస్మస్ ఉత్తరం మొన్న అందింది. బీదరు నుంచి ఉత్తరం ఇంత నిదానంగా ఎందుకు వస్తుందని పోస్టుమాస్టరును అడిగాను. "నడుమ రాజ్యం మారుతది గదమ్మా" అన్నాడు. మొన్నటిదాకా ఇద్దరం ఒకే నిజాం కింద ఉన్నాం. ఇప్పుడు నువ్వు మైసూరు వాడివి, నేను ఆంధ్రప్రదేశ్ దాన్ని. ఒక్క తల్లి పిల్లలకు రెండు రాజ్యాలు. అమ్మ బతికి ఉంటే నవ్వేది.

నాయనకు రెండో కన్ను కూడా పోయింది. మిషను ఆసుపత్రికి తీసుకుపోతే ఇక లాభం లేదన్నారు. చెప్పులు కుట్టే ఆరె, రంపె, గూటం అన్నీ గోనెసంచిలో కట్టి దూలానికి వేలాడదీశాడు. ఇప్పుడు వాకిట్లో కూర్చుని చెవులతోనే ఊరిని చూస్తున్నాడు. ఎవరు నడిచి పోయినా పేరు చెప్పేస్తాడు. నీ పేరు మాత్రం తీయడు. పన్నెండేళ్ళయింది. నేను తీస్తే దగ్గడం మొదలుపెడతాడు.

ఊరి సంగతి ఏం రాయను? దొర సమితి ప్రెసిడెంటు అయ్యాడు. రజాకార్లకు తన గడిలో బువ్వ పెట్టిన మనిషి తెల్లటోపీ పెట్టుకుని జెండా ఎగరేశాడు. పక్క కుర్చీలో మన రాచయ్య. అవును, సంగంలో నీకన్నా ముందు నడిచిన రాచయ్యే. నన్ను చూసి మెడ అటు తిప్పుకున్నాడు. ఇంకో సంగతి రాస్తే నీకు నమ్మకం కలగదు. దండోరా వేయలేదు, ఎవరూ చెప్పలేదు, అయినా జనం గడి ముందుకు రాగానే చెప్పులు విడిచి చేతిలో పట్టుకుంటున్నారు. మీ బావ కూడా. ఎందుకయ్యా అంటే "కాళ్ళకు అలవాటైంది" అన్నాడు.

చెల్కలో జొన్న బాగుంది. సంగం మనకు పంచిన రెండెకరాలే అవి. మిలిటరీ వచ్చాక దొర గుంజుకున్నాడు, మళ్ళీ ఆయనే మనకు పాలుకిచ్చాడు. నీ మీద కేసులన్నీ ఎప్పుడో కొట్టేశారు, పోలీసులు నిన్ను మరచిపోయారు. దొర మాటే మిగిలింది. "ఆ కాలు ఊర్ల పడ్డనాడు మీ నాగలి నా భూమిల నుంచి లేస్తది" అన్నాడు కదా, అది అట్లాగే ఉంది. ఆ చెల్క లేకపోతే మేం ఆరుగురం ఏం తింటామో నీకు తెలుసు. అందుకే రమ్మని రాయడానికి చేయి రాదు.

మంచి సంగతి చివరికి దాచాను. జీవరాజ్‌కు పెళ్ళి కుదిరింది. పిల్ల పేరు రిబ్కా, భువనగిరి వైపు. ఈస్టరు పోయాక మే నెలలో పెళ్ళి. పెళ్ళికొడుక్కు మేనమామ చేతి కిర్రుచెప్పులు కావాలి. తాటాకు కొలతలు రెండు ఇందులో పెట్టాను, కుడికాలు, ఎడమకాలు. ఉగాది లోపల పంపితే మంచిది.

మీ అక్క,
హేబ్సిబా


గాంధీ గంజ్, బీదరు,
31 జనవరి 1960

ఆంధ్రప్రదేశ్ దానివైన అక్కకు మైసూరు తమ్ముడి వందనాలు.

నా మేనల్లుడికి పెళ్ళా! నేను చూసిన జీవరాజ్ ముక్కు చీదుకోవడం కూడా రాని వాడు. ఉత్తరం చదివి పక్కనున్న హమాలీ మల్లప్పకు చెబితే, గంజ్ అంతా వినేట్టు కేకేసి అందరికీ చెప్పాడు. నాకు కన్నడం నేర్పింది ఇతనే. ముందు తిట్లు నేర్పాడు, తర్వాత లెక్కలు.

నా దుకాణం ఎట్లా ఉంటుందని అడిగావు. గంజ్ గేటు పక్కన ఒక గోనెపట్టా, ఒక చెక్కపెట్టె. అంతే దుకాణం. కందిబస్తాలు మోసే వాళ్ళ చెప్పులు నెలకే అరుగుతాయి కాబట్టి పనికి కరువు లేదు. ఎదురుగా ఆఫీసు మీద ఉర్దూ బోర్డు తీసి కన్నడం బోర్డు పెట్టారు. లోపల కుర్చీల్లో మాత్రం పాత మనుషులే. అందుకే మీ దొర టోపీ గురించి రాస్తే నాకు ఆశ్చర్యం వేయలేదు. రాచయ్య గురించి చదివినప్పుడు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు.

మన్నళ్ళి నుంచి సంగయ్య అనే రైతు కందులు తోలుకొస్తాడు. వాళ్ళింట్లో తాతల నాటి నుంచీ తెలుగే. ఎద్దులను కూడా తెలుగులోనే తిడతాడు. "నడువుర నీ అయ్య, జర కాలు ఎత్తి నడువు" అంటుంటే నేను పని ఆపి వింటాను. ఎందుకట్లా చూస్తున్నావని ఒకరోజు అడిగాడు. మా నాయన కూడా ఇట్లాగే తిడతాడన్నాను. అప్పటి నుంచి ఆ మనిషి, ఎద్దులు బుద్ధిగా నడుస్తున్నా సరే, నా ముందుకు రాగానే ఒక తిట్టు తిట్టి పోతాడు. అక్కా, నాకు ఇంటి మీద ఎంత గాలి మళ్ళిందో దీన్నిబట్టి తెలుసుకో.

జీవరాజ్‌కు ఆ రోజు గుర్తుందా? వాణ్ణి భుజాల మీద ఎక్కించుకున్నాను. వాడకట్టు అంతా చెప్పులు తొడుక్కుని గడి ముందు నుంచి నడిచాం. అంతకుముందు ఊళ్ళో దొర చెప్పులు ఒక్కటే కిర్రుమనేవి. ఆ చప్పుడు మూల తిరగ్గానే జనం లేచి నిలబడాలి. అందుకే నేను అందరికీ కిర్రు పెట్టి కుట్టాను. ఆ రోజు ఊరు ఊరంతా కిర్రుమంటుంటే దొర మేడ మీద కిటికీ మూసుకున్నాడు. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మిలిటరీ వచ్చాక నేను తప్పించుకుపోయాను. సంగానికి భయపడి పట్నం పోయిన దొర తిరిగొచ్చి ఆ జతల్లో ఒకటి నాయన నెత్తిన పెట్టించి పొద్దంతా గడి ముందు నిలబెట్టాడు. నాయన నా పేరు తీయకపోవడం న్యాయమే అనుకుంటాను. న్యాయమే అయినా బాధగానే ఉంటుంది.

కొలతలు చూశాను. ఎడమకాలి ఆకు కుడిదానికన్నా వేలెడు పొట్టిగా ఉందేమిటి? పిల్లవాడి కాలికి ఏమైంది? నాకెందుకు రాయలేదు?

తంగేడు చెక్కలో నానిన మంచి తోలు దొరికింది. లారీ డ్రైవరు పీరప్ప కందులు వేసుకుని హైదరాబాదు పోతాడు. అతని చేత పంపుతాను. ఒక్క కోరిక. జీవరాజ్ అవి తొడుక్కుని గడి ముందు నుంచి నడవాలి, నా బదులు.

తమ్ముడు,
యెహోషువ


గుర్రాలబండ,
6 మార్చి 1960

యెహోషువకు,

చెప్పులు అందాయి. ఎంత బాగున్నాయి! అంచు కుట్టు చూసి మీ బావ నోరు తెరిచాడు. "బీదర్ల ఇంత పనితనం ఉన్నదా?" అన్నాడు. బీదరుది కాదు, మా ఇంటిది అన్నాను.

ఒకటే లోటు. కిర్రుమనడం లేదు. తొడిగి నడిపించి చూశాం, పిల్లి నడిచినట్టే ఉంది. మరచిపోయావా? లేకపోతే ఆ ఊళ్ళో కిర్రు లేకుండానే కుడతారా?

జీవరాజ్ కాలు సంగతి. బండి చక్రం ఎక్కింది. నువ్వు దిగులు పడతావని రాయలేదు. నడకకు ఏ తేడా లేదు.

అసలు సంగతి ఇది. చెప్పులు నాయన ఒడిలో పెట్టాను, ఎవరివో చెప్పలేదు. చాలాసేపు తడిమాడు. వాసన చూశాడు. మడమ దగ్గర బొటనవేలితో నొక్కాడు. "కుట్టు మంచిగున్నది. నోరు లేదు" అన్నాడు. అంతే. తర్వాత అడక్కుండానే ఇంకో ముద్ద అన్నం పెట్టించుకున్నాడు.

తక్కువ రాశానని కోపగించుకోకు. పొయ్యి మీద జొన్న గటక ఉంది.

అక్క


బీదరు,
18 మార్చి 1960

అక్కకు,

నా పనిని నాయన చేత్తో పట్టుకున్నాడా! "కుట్టు మంచిగున్నది" అన్నాడా! నేను నేర్చుకునే రోజుల్లో ఆ మాట కోసం ఎంత కష్టపడ్డానో నీకు తెలుసు. అప్పట్లో "ఎద్దు కూడ ఇంతకన్న మంచిగ కుడ్తది" అనేవాడు. ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. చెమటకు అక్షరాలు చెరిగిపోతున్నా పరవాలేదు, నాకు నోటికొచ్చేసింది.

కిర్రు సంగతికి వస్తే, కొత్త తోలు కదా, నడవగా నడవగా పలుకుతుందేమో. పలక్కపోతే పలక్కపోనీ. పెళ్ళికొడుకు నడిస్తే చాలు.

కాలి మీద ఎక్కిన బండి ఎవరిది? ఎప్పుడు? నువ్వు ఎడ్లకు జలుబు చేసినా రాస్తావు. ఇంత సంగతి ఎట్లా మరిచావు?

పెళ్ళికి రావాలని ఉంది. భయపడకు, ఊళ్ళో కాలు పెట్టను. వాగు అవతల, తూములు ఉన్న చోట నిలబడతాను. చర్చి నుంచి ఊరేగింపు వస్తుంటే అక్కడికి కనబడుతుంది. జీవరాజ్‌ను చూస్తాను. నాయనను ఎవరైనా చేయి పట్టుకుని తీసుకొస్తే ఆయన్నూ చూస్తాను. చూసి, వచ్చిన దారినే పోతాను. వాగు దొరది కాదు కదా, చెల్కకు ఏమీ కాదు. ఈ మాత్రం ఒప్పుకో. పన్నెండేళ్ళుగా కళ్ళు మూసుకుంటేనే మిమ్మల్ని చూస్తున్నాను. తెరిచి ఒక్కసారి చూడాలని ఉంది.

యెహోషువ


గుర్రాలబండ,
2 ఏప్రిల్ 1960

తమ్ముడూ,

నువ్వు వాగు అవతల నిలబడతానని రాసింది చదివాక నాకు అబద్ధం మీద నిలబడే ఓపిక పోయింది. బైబిలు పక్కన పెట్టుకుని రాస్తున్నాను.

జీవరాజ్ కాళ్ళు రెండూ బాగున్నాయి. ఏ బండీ ఎక్కలేదు. నీకు పంపిన ఆకులు దొర కాళ్ళవి.

దసరా అప్పుడు దొర మీ బావను పిలిచాడు. "మీ మామ ఏసప్ప కుట్టిన జత అరిగిపోయింది. పట్నం బూట్లు కరుస్తున్నయ్. ఉగాదికి జత ఇచ్చే మామూలు ఎన్నేండ్లాయె రాక? ఏసప్ప కొడుకు బీదర్ల కుడుతుండంట గద. వాని చేతి జత వస్తే పాత సంగతులు నేను మనసుల పెట్టుకోను" అన్నాడు. మీ బావ వచ్చి నాతో చెప్పి తల దించుకున్నాడు. ఆయనకు చేత కాలేదు. కొలత తెచ్చింది నేను. గడి అరుగు కింద మోకాళ్ళ మీద కూర్చుని, ఆ కాలు నా చేతిలో పెట్టుకుని ఆకు గిల్లాను. పక్కన కుర్చీలో రాచయ్య పేపరు చదువుకుంటున్నాడు.

నిన్ను చూడాలని చేశాను. ఇంకే సాకూ లేదు. నాయనకు చూపు పోయింది, ఇక వినికిడి ఎన్నాళ్ళుంటుందో తెలియదు. ఈలోగా నువ్వు వాకిట్లోకి వచ్చి "నాయనా" అంటే చాలనుకున్నాను. దానికి ఒక జత చెప్పులు ఎక్కువా అనుకున్నాను. నీకు నిజం రాస్తే కుట్టవని తెలుసు. అందుకే కొడుకు పెళ్ళిని అడ్డం పెట్టుకున్నాను.

ఉగాది రోజు ఇచ్చి వచ్చాం. దొర తొడుక్కుని నాలుగడుగులు వేశాడు. కాలికి అతికినట్టు కుదిరాయి. చప్పుడు లేదని మాత్రం మొహం చిట్లించాడు. "రమ్మను. గడి ముందర దండం పెట్టి, కిర్రు పెట్టి పొమ్మను. భూమి జోలికి నేను పోను" అన్నాడు.

అంటే నువ్వు రావచ్చు యెహోషువా. వాగు అవతలికి కాదు, ఇంట్లోకి. ఒక్క దండం. మేమంతా రోజూ పెట్టేదే. నన్ను తిట్టాలనుకుంటే వచ్చి తిట్టు.

హేబ్సిబా


బీదరు,
16 ఏప్రిల్ 1960

అక్కకు,

రేపు ఈస్టరు. ఇక్కడ చర్చి కడిగి సున్నం వేశారు. నేను కూడా మనసు కడుక్కుని రాస్తున్నాను.

ఆకులు విప్పిన రోజే నాకు తెలుసు అవి ఎవరివో.

నాకు నాయన మొట్టమొదట నేర్పిన కొలత ఆ ఎడమకాలిదే. దొర చిన్నప్పుడు గుర్రం డెక్క కింద పడి నలిగిన కాలు. "గిది తప్పితే వీపు పగులుతది బిడ్డా, మంచిగ చూసుకో" అని నాయన నా వేలు పట్టుకుని ఆకు మీద పెట్టి చూపించాడు. మరచిపోతానా? అయినా పిల్లవాడి కాలికి ఏమైందని నిన్ను అడిగాను. నువ్వు ఏదో ఒకటి చెబుతావని, నేను నమ్మినట్టు ఉండవచ్చని. నువ్వు బండి చక్రం అన్నావు. నాకు సంతోషమే వేసింది. అబద్ధం నీ ఒక్కదానిదే కాదక్కా, నేనూ ఒక చేయి వేశాను.

ఇంటికి రావాలన్న ఆశే నా చేతికి ఆరె ఇచ్చింది. తోలు కోశాను. అంచు కుట్టాను. కుడుతున్నంతసేపూ మన వాకిలి, పొయ్యి, దూలానికి వేలాడే నాయన సంచీ కనబడ్డాయి. ఇక రెండు అట్టల మధ్య ఆ ఎండుతోలు ముక్క పెట్టాలి, కిర్రుమనేందుకు. అక్కడ చేయి ఆగిపోయింది. ఒక పూట నాయన అన్నం తింటుంటే బయట దొర చెప్పులు పలికాయి. నాయన నోట్లో ముద్ద అట్లాగే పెట్టుకుని లేచి నిలబడ్డాడు. ముద్ద మింగితే ఎక్కడ ఆలస్యమవుతుందో అని. నాకప్పుడు ఏడేళ్ళు ఉంటాయేమో. ఆ ముద్ద నా కళ్ళ ముందుకు వచ్చింది. తోలు ఇచ్చాను, కుట్టు ఇచ్చాను. జనాన్ని లేపి నిలబెట్టే ఆ చప్పుడు మాత్రం ఇవ్వలేకపోయాను. మరచిపోలేదక్కా. ఇవ్వలేదు.

దండం పెట్టి ఇంటికి రాను. నాయన నెత్తిన చెప్పులు పెట్టించిన చోటనే నేను వంగితే, ఆయన పొద్దంతా మోసింది ఎందుకు? మీరు రోజూ పెడుతున్నారని నేను తప్పు పట్టను. మీకు చెల్క ఉంది, పిల్లలున్నారు. ఒంటివాణ్ణి, నాకు చేతనైంది దూరంగా ఉండటమే. కానీ దూరంగా ఉండటం చేతనైందని చెప్పి హాయిగా ఉందనుకోకు. నిన్న సంగయ్య ఎద్దులను తిడుతుంటే అంగడి మధ్యలో కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాను. పాపం ఆయన ఎద్దులకు క్షమాపణ చెప్పి పోయాడు.

ఇప్పుడు జీవరాజ్ నిజం కొలత పంపు. ఈసారి కూడా ఇంకెవరి కాలైనా పంపావంటే, నీ పెళ్ళినాడు కందిచేలో దాక్కుంటే నేనే వెతికి తెచ్చానన్న సంగతి కొత్త కోడలికి రాస్తాను. ఈ జతకు నోరు ఉంటుంది. హళ్ళిఖేడ్ బెల్లం కూడా పంపుతాను, పెళ్ళి పాయసానికి.

నేను వాగు దగ్గరికి కూడా రాను. చూసి తిరిగిపోవడం నా వల్ల కాదని ఈ మధ్య అర్థమైంది.

యెహోషువ


గుర్రాలబండ,
9 జూన్ 1960

నా తమ్ముడు యెహోషువకు,

ఇంతకాలం రాయనందుకు క్షమించు. ఆకులు పంపాక నీ నుంచి జత, బెల్లం పెళ్ళికి ముందురోజే వచ్చాయి. బెల్లంలో సగం పిల్లలు పాయసం దాకా రానివ్వలేదు. కోడలు మంచి పిల్ల. పాటలు పాడుతుంది, రొట్టె మాత్రం చేతకాదు, నేర్పుతున్నాను.

ముందు నీ నోరు లేని జత సంగతి చెప్పాలి. మెత్తగా ఉన్నాయని దొర వాటిని విడవడం లేదు. ఇదివరకు మూల మీద ఉండగానే చప్పుడు వినబడేది, జనం లేచేవాళ్ళు. ఇప్పుడు ఆయన వచ్చి పక్కన నిలబడేదాకా ఎవరికీ తెలియదు. "ఏందిరా, కండ్లు నెత్తికెక్కినయా?" అంటే "చప్పుడు కాలే దొరా" అంటున్నారు. మొదట్లో అది నిజమే. తర్వాత తర్వాత, చూసి కూడా చూడనట్టు కూర్చోవడం మొదలైంది. వెనక నుంచి వచ్చినప్పుడు తన గురించి జనం అనుకునేవి కూడా ఆయన చెవిన పడుతున్నాయి. అదీ ఆయనకు మంచిదే. మీ బావ అయితే ఒకరోజు దొర పక్కకు వచ్చి దగ్గేదాకా బీడీ తాగుతూనే ఉన్నాడట. ఇంటికొచ్చి చెబుతూ చెబుతూ నవ్వాడు. మా పెళ్ళయ్యాక ఆ మనిషి అంత నవ్వడం నేను చూడలేదు.

ఇక పెళ్ళి. చర్చి నుంచి బయల్దేరి వస్తున్నాం. నాయనను పక్కింటి శంకరమ్మ దగ్గర వాకిట్లోనే కూర్చోబెట్టాం, అంత దూరం నడవలేడని. గడి దగ్గరికి రాగానే మామూలుగానే అందరూ చెప్పులు విడవడానికి వంగారు. నేనూ వంగాను. జీవరాజ్ వంగలేదు. రిబ్కా చేయి పట్టుకుని అట్లాగే నడిచాడు. కిర్రు, కిర్రు, కిర్రు. మేళం వాళ్ళు కూడా వాయించడం ఆపి చూశారు. అరుగు మీద దొర ఉన్నాడు, రాచయ్య ఉన్నాడు. రాచయ్య తన కాళ్ళకేసి చూసుకున్నాడు. మీ బావ తన చెప్పులు చేతిలో పట్టుకుని ఒక్క నిమిషం నిలబడ్డాడు. నేల మీద పడేసి తొడుక్కున్నాడు. నేను కూడా తొడుక్కున్నాను తమ్ముడూ. దొర చూస్తూనే ఉన్నాడు. అయినా నడిచాను.

ఇది శంకరమ్మ చెప్పింది. మేం ఇంకా వాడలోకి రాకముందే నాయన కర్ర పట్టుకుని లేచి నిలబడ్డాడట. "కూసో మామా. దొర చెప్పులకు నోరు లేదు గద, వచ్చేది దొర గాదు" అందట శంకరమ్మ. నాయన అన్నాడట:

"దొర కోసం లేస్తలేనే. మా యెహోషువ వస్తుండు."

నీ పేరు. నేను వచ్చేసరికి ఇంకా నిలబడే ఉన్నాడు. జీవరాజ్ వంగి "తాతా, నేను" అన్నాడు. నాయన కింద కూర్చుని వాడి చెప్పులు రెండూ తడిమాడు. "నాకు తెల్వదా? కాలు నీది. చప్పుడు వానిది" అన్నాడు. అప్పుడు ఏడ్చాడు. అమ్మ పోయిన రోజు కూడా అట్లా ఏడవలేదు. "ఇన్నేండ్లు పేరెందుకు తీయలేదు నాయనా" అని అడిగాను. "పేరు తీస్తే వాడు యాడున్నడో తెలిసి పట్టుకపోతరని భయపడ్డ. భయం పోయినంక, తీస్తే గిట్ల ఏడుపొస్తదని తీయలే" అన్నాడు. నీ మీద కోపమని నువ్వనుకున్నావు, నేనూ అనుకున్నాను. ఒకే ఇంట్లో ఉండి ఇంత తెలియకపోయింది నాకు. ఇప్పుడు సాయంత్రం కాగానే జీవరాజ్‌ను వాడ చివరి దాకా నడిచి రమ్మంటాడు. వాడు నడుస్తుంటే కళ్ళు మూసుకుని వింటాడు. మూసుకోవాల్సిన పని లేదు, అయినా మూసుకుంటాడు.

ఇప్పుడు చెడ్డ సంగతి. మృగశిర చినుకు పడగానే మీ బావ చెల్కకు నాగలి తోలుకుపోయాడు. దొర మనిషి ఖండప్ప గట్టు మీద నిలబడి ఉన్నాడు. "ఈ ఏడు మీకు లేదు. దొర వేరేటోళ్ళకు ఇచ్చిండు" అన్నాడు. పెళ్ళినాటి నడకకు జవాబు అది. మీ బావ నాగలి భుజాన వేసుకుని తిరిగొచ్చాడు. విత్తనాలు గుమ్మిలోనే ఉన్నాయి. ఆయన, జీవరాజ్ రేపటి నుంచి రోడ్డుపనికి పోతారు. నేను చాలా ఏడ్చాను, దాచి లాభమేముంది? ఆ మట్టిని సంగం ఇచ్చినప్పుడు నువ్వే కదా గెట్టు కొలిచి రాయి పాతావు.

రాత్రి అందరం అన్నాలకు కూర్చున్నాం. నాకు ఒక సంగతి తట్టింది. తట్టగానే చేతిలో ముద్ద విడిచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఇన్నేళ్ళూ నిన్ను రావద్దన్నది ఆ చెల్క పోతుందని కదా? పోయింది. ఇక దొర దగ్గర మనది ఏదీ లేదు. ఏ దండమూ అక్కర్లేదు.

వచ్చెయ్ తమ్ముడూ. గటక తాగుదాం, అందరం కలిసి తాగుదాం.

నీ అక్క,
హేబ్సిబా


పోస్టుకార్డు
బీదరు, 18 జూన్ 1960

అక్కా,

శుక్రవారం పీరప్ప లారీలో బయల్దేరుతున్నాను. నా చెక్కపెట్టె మల్లప్ప చూసుకుంటాడు. దారిలో తినమని సంగయ్య జొన్నరొట్టెలు కట్టించి ఇచ్చాడు. ఎద్దులను తిట్టడానికి ఇక ఎవరి కోసం ఆగాలి అని అడిగాడు.

గడి ముందు నుంచే వస్తాను. ఇంటికి నాకు తెలిసిన దారి అదొక్కటే. నా జతకు కొత్త కిర్రు పెట్టుకున్నాను.

నేను వస్తున్నానని నాయనకు చెప్పకు. ఆయనే వింటాడు.

యెహోషువ